నా వంతు గునుగు కాడలు

నేను పువ్వులు గీసి బతుకుతాను. నిజం పువ్వులు కాదు, జాకెట్ల మీది పువ్వులు. వరంగల్ బజారులో మా అత్తగారి వాళ్ళకు గాజులు, లేసుల దుకాణం ఉంది. దాని వెనక గదిలో ట్యూబులైటు కింద నా బల్ల. ట్రేసింగ్ కాగితం మీద తీగ గీసి, గీత వెంబడే సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దితే పువ్వు బట్ట మీదికి దిగుతుంది. దాని మీద మగ్గం పనివాళ్ళు పూసలు కుట్టుకుంటారు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇదే పని. ఇన్నేళ్ళలో నేను దించిన పువ్వుల్లో ఒక్కటి కూడా ఏ చెట్టుకూ పూయదు. ఎనిమిది రేకులు, నడుమ అద్దం, కాడకు ఒకవైపు ద్రాక్షాకు, రెండోవైపు మామిడి పిందె. ఇదేం పువ్వని ఒక్క పెళ్ళికూతురూ అడగలేదు. "ఆంటీ, ఇంకా హెవీగ గావాలె" అని మాత్రం అందరూ అడిగారు.

ఈ విద్య పుట్టింటి నుంచి వచ్చింది. కాశిబుగ్గలో మా నాన్న జంపఖానాలకు గళ్ళ కాగితం మీద డిజైన్లు వేసేవాడు. మగ్గం మీద పువ్వుకు గుండ్రం రాదు, రేకుల అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. "పువ్వంటే గళ్ళే బిడ్డా, లెక్క తప్పకుంటె సాలు" అనేవాడు నాన్న. ఆ మాట పట్టుకుని పెరిగిన దాన్ని కాబట్టి, పక్కింటి పెరట్లో గులాబీ చూస్తే దేవుడికి గీత సరిగా రాలేదనిపించేది.

ఇంత ఘనురాలిని, అత్తగారింట్లో ఇరవై ఎనిమిదేళ్ళు బతుకమ్మ మీద చెయ్యి వేయనివ్వలేదు.

మా ఇంట్లో బతుకమ్మ పేర్చేది అత్తమ్మ. ఆమె తప్ప ఇంకెవరూ కాదు. పెద్ద ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, దాని ముందు పీట వేసుకుని కూర్చుంటే లేచేసరికి మూడు నాలుగు గంటలు. మొదటి వరస తంగేడు, ఆ పైన గునుగు, మధ్యమధ్య బంతి, కట్లపూలు. వరస వరసకూ చుట్టు తగ్గిస్తూ పోయి, కొసకు గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. మేము దుకాణం సందులో ఉన్నన్నాళ్ళూ, పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం నుంచే ఆడవాళ్ళు వచ్చి మా గుమ్మంలో నిలబడేవారు. "పెద్దమ్మా, మాది జర ఒంగినట్టున్నది, ఒకపారి వచ్చి చూస్తవా?" అని పిలిచేవారు. ఆమె చేతులు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆపరేషన్‌కు బయల్దేరే డాక్టరంత నెమ్మదిగా వెళ్ళేది. సంతకం తప్ప ఇంకో అక్షరం రాని అత్తమ్మకు లోకంలో ఉన్న పేరంతా అదే. ఆ పేరు ఆమెకు ఎంత ఇష్టమో ఇంట్లో అందరికీ తెలుసు.

నా వంతు గునుగు కాడలు. కట్టలు విప్పడం, కాడలు జానెడు ఉంచి కోయడం, కొసలు సమంగా పట్టి దారంతో కట్టడం, రంగు నీళ్ళలో ముంచడం, ఆమె చేతికి అందించడం. పండుగ తర్వాత వారం రోజులు నా వేళ్ళు ఊదాగా ఉండేవి. గునుగు మరిపెడ దగ్గరున్న మా అత్తమ్మ పుట్టింటి ఊళ్ళో పత్తి చేన్లలో కలుపు మొక్క. కూలి ఇచ్చి మరీ పీకించేస్తారు. ఆ కలుపును ఆమె కొత్త కోడలిలా చూసుకునేది. అసలు కోడలిని మాత్రం, "లావు కడ్తాన్నవ్. సన్నగ కట్టు" అనేది. ఒక ఏడాది ధైర్యం చేసి, "అత్తమ్మా, ఒక్క వరస నేను పేరుస్త" అన్నాను. ఆమె తల ఎత్తకుండా, "నీకు పైన రంగు గావాలె. లోపట ఎవ్వలు నింపాలె?" అంది. మళ్ళీ అడగలేదు. కానీ మరిచిపోనూ లేదు.

లోపల నింపడం అంటే ఏమిటో నాకు తెలియక కాదు. నేను కోసి పారేసిన కాడల ముక్కలను, ఎండిన ఆకులను చేటలో ఎత్తుకుని, ప్రతి వరసకూ నడుమ బోలుగా ఉన్న చోట కుక్కేది. చెత్త ఎత్తి పోయడానికి బద్ధకించి అక్కడే సర్దేస్తోందని నా అభిప్రాయం. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చూసిన డిజైనర్ కళ్ళకు అంతకు మించి కనబడలేదు.

మూడేళ్ళ కింద మడికొండలో ఫ్లాటు కొనుక్కుని అక్కడికి మారాం. కాలనీలో అందరూ లాప్‌టాప్ బ్యాగులవాళ్ళు. ఆడవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపుకు ఒక బతుకమ్మ కమిటీ, కమిటీకి ఒక పోటీ. మార్కులు ఎత్తుకు కొన్ని, డిజైనుకు కొన్ని, క్రియేటివిటీకి కొన్ని. మొదటి రెండేళ్ళూ అత్తమ్మ పేర్చిన దానికే మొదటి బహుమతి వచ్చింది. కాలనీ పిల్లలంతా ఆమెతో సెల్ఫీలు దిగారు. సందులో పెద్దమ్మ ఇక్కడ అమ్మమ్మ అయింది, అంతే తేడా. ఊరు మారినా పేరు వెంట వచ్చినందుకు ఆమె ఎంత సంబరపడిందో! ఆ రెండుసార్లూ నేను కోసిన కాడల సంగతి ఎవరూ ఎత్తలేదు.

నిరుడు పండుగకు పదిహేను రోజుల ముందు అత్తమ్మ బాత్రూములో జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. దవాఖాన నుంచి ఆటోలో వస్తూ ఆమె కట్టు వైపు చూసుకుంటూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని, సిగ్గు విడిచి చెబుతున్నాను, మనసులో ఎగిరి గంతేశాను. నోటితో మాత్రం, "ఫికర్ చెయ్యకుండ్రి అత్తమ్మా, నేనున్న గద" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, "ఆఁ, ఉన్నవ్" అంది.

ఆ రాత్రే గళ్ళ కాగితం తీశాను. ఎత్తు మూడడుగులు. కింద తంగేడు మామూలే. ఆ పైన తెల్ల గునుగులో ఊదా గునుగుతో తామర రేకులు, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ చుట్టూ పన్నెండు. అది ఆ సీజనులో బాగా అడుగుతున్న నా జాకెట్ వీపు డిజైన్. గళ్ళు లెక్కపెట్టి చూస్తే ఒక్కో రేకుకు ఎన్ని పువ్వులు పట్టేదీ తేలిపోయింది. అయితే కాడలను వరసల మీద వరసలుగా ఆనించి పేరిస్తే రేకు కొస నిలవదు, జారిపోతుంది. అత్తమ్మను అడిగితే ఏదో చెప్పేది. అడిగితే కదా! అంతకు ముందు నెలే కొత్త ఫ్రిజ్ వచ్చింది. దాని పెట్టెలోంచి తీసిన థర్మాకోల్ పలకలు బాల్కనీలో ఉన్నాయి. వాటిని చూడగానే నాలో కళాకారిణి మేల్కొంది.

పడకగది తలుపు వేసుకుని రెండు రోజులు పని చేశాను. పలకలను గుండ్రంగా కోసి, పెద్దది కింద, చిన్నది పైన అతికించి, దాని మీద మార్కరుతో గీతలు గీశాను. "వరస 3 – ఊదా", "ఇక్కడ రేకు మొదలు" అని రాసుకున్నాను. కింది పలకకు అడుగున, తారుమారు కాకూడదని, పెద్ద అక్షరాలతో "అడుగు భాగం" అని రాసి బాణం కూడా వేశాను. కాడలు అంగుళం ఉంచి కోసి, ఒక్కొక్కటీ గుచ్చాను. ఎంత హాయి! కుక్కడం లేదు, నొక్కడం లేదు, లోపల చెత్త లేదు. జాకెట్ మీద పూస కుట్టినంత శుభ్రంగా వచ్చింది. అత్తమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తోంది. తలుపు ఎందుకు వేసుకున్నావని అడగలేదు. మా ఆయన మాత్రం రెండుసార్లు తలుపు కొట్టి, అన్నం సంగతేమిటని కనుక్కున్నాడు.

సద్దుల నాడు సాయంత్రం తాంబాళం బయటికి తెచ్చాను. మా ఆయన "అబ్బో" అన్నాడు. అత్తమ్మ చాలాసేపు చూసింది. "మంచిగ పేర్చినవ్ బిడ్డా" అంది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఒళ్ళు పులకరించింది. తర్వాత ఆమె తాంబాళం అంచును ఎడమ చేత్తో పట్టి కొంచెం పైకెత్తి చూసింది.

"గింత అల్కగున్నదేందే?" అంది.

"డిజైన్ అత్తమ్మా" అన్నాను.

ఆమె తాంబాళం దించి, కొంగుతో చేయి తుడుచుకుని, ఇంకేమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే భయపడాలని ఇన్నేళ్ళ అనుభవం చెబుతూనే ఉంది. ఆ రోజు నాకు దాన్ని వినే తీరిక లేదు.

మొదటి బహుమతి నాకే వచ్చింది. కమిటీ పెద్దావిడ, వయసులో మాత్రం నాకన్నా చిన్నదే, మైకులో, "ఈయేడు మన డిజైనర్ ఆంటీ సర్‌ప్రైజ్ ఇచ్చిండ్రు" అంది. బహుమతి డిన్నర్ సెట్టు, ప్లేట్ల మీద గులాబీలు. రేకుల నీడ తప్పు వైపు పడిందని అంత సంతోషంలోనూ గమనించాను. అందరూ ఫోటోలు తీశారు. అత్తమ్మ కట్టు చేయి ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో వెనక కూర్చుంది. ఆమెతో ఆ రోజు ఎవరూ సెల్ఫీ దిగలేదు. అది కూడా గమనించాను. చెప్పుకోకూడదు గానీ, బాగానే అనిపించింది.

ఆడి పాడి, పొద్దు వాలే వేళకు అందరం కాలనీ దగ్గరి చెరువుకు వెళ్ళాం. ఒక్కొక్కరూ మెట్టు దిగి తమ బతుకమ్మను నీళ్ళలోకి జారవిడుస్తున్నారు. అవి కాసేపు తేలి, నీళ్ళు తాగి, దారాలు వదులై, వరస వెంట వరస విడిపోయి పువ్వులు పువ్వులుగా చెదిరిపోతున్నాయి. నా వంతు వచ్చింది. నేను తాంబాళం వంచి, కళ్ళు మూసుకుని, దండం పెట్టి వదిలాను.

కళ్ళు తెరిచేసరికి అది బోర్లా పడి ఉంది. పైన పువ్వుల బరువు, కింద గాలి లాంటి థర్మాకోల్, ఒక్క ఊపుకే తలకిందులైంది. గౌరమ్మ నీళ్ళలోకి పోయింది. గుమ్మడాకులు ఊడి పక్కకు వెళ్ళిపోయాయి. తెల్లటి గుండ్రటి పలక ఒకటి, ఆకాశానికి "అడుగు భాగం" అని చూపిస్తూ, బాణంతో సహా, చెరువు మీద తేలుతోంది.

పిల్లలు నవ్వారు. ఎవరో కట్టెతో లోపలికి నెట్టారు. అది నాలుగు గజాలు పోయి, గాలికి తిరిగి ఒడ్డుకే వచ్చింది. మళ్ళీ నెట్టారు. మళ్ళీ వచ్చింది. సాగనంపితే పోని బతుకమ్మను నేను అంతకు ముందు చూడలేదు, ఎవరూ చూసి ఉండరు. ఈలోగా ఒకామె ఫోనులో వీడియో మొదలుపెట్టింది.

కమిటీ పెద్దావిడ నా పక్కకు వచ్చి నెమ్మదిగానే అంది. "ఆంటీ, థర్మాకోల్ పెట్టొద్దని నోటీసుల రాసినం గద. లిఫ్టుల అతికిచ్చినం."

ఆ నోటీసు నాకు బాగా తెలుసు. దాని చుట్టూ బంతిపూల తీగ అంచు గీసిచ్చింది నేనే. పది రోజులుగా లిఫ్టులో పైకీ కిందికీ పోతూ ఆ తీగను మురిపెంగా చూసుకుంటున్నాను. మధ్యలో ఏం రాశారో చదవలేదు.

ఏదో అనబోయాను. అప్పుడు వెనక నుంచి అత్తమ్మ గొంతు వినబడింది.

"నేనే పెట్టమన్న."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది. "చెయ్యి ఇరిగె. పేర్చరాదాయె. జర ఎత్తు గనబడాలె అని నేనే చెప్పిన. పిల్ల వద్దనే అన్నది. నేనే ఇనలె."

"అయ్యో అమ్మమ్మా, మీరా?" అంది పెద్దావిడ. ఆ గొంతులో కోపం లేదు. జాలి ఉంది. ముసలామె, వయసైపోయింది, ఆశ చావలేదు పాపం అన్న జాలి. అది అత్తమ్మకు అందిందని ఆమె మొహం చూస్తే తెలిసింది. అప్పుడు నోరు విప్పాల్సింది నేను. లేదండీ, ఆమెకేం తెలియదు, పెట్టింది నేనే అనాలి, అంతే. తెలుగులో నాలుగు మాటలు. నేను అనలేదు. బహుమతి వెనక్కి తీసుకోవాలా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, అత్తమ్మను చూసి ఊరుకున్నారు. మా ఆయన ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి థర్మాకోల్‌ను బయటికి లాగాడు.

ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుని ఆమె ఎదుట నిలబడ్డాను. తిడుతుందేమో, తిడితే బాగుండు అనిపించింది. "బువ్వ పెడ్తవా? కొత్త ప్లేట్లల్ల పెట్టకు. ఆ పువ్వులు నాకు నచ్చలె" అంది. అంతే. ఆ సెట్టు ఇప్పటికీ అటక మీదే ఉంది.

వీడియో దుకాణం సందుకు వెళ్ళింది, మరిపెడకు వెళ్ళింది. అక్కడి నుంచి అత్తమ్మ మరదలు ఫోను చేసి, "ఏందొదినె, బతుకమ్మల అట్టపెట్టె పెట్టినవట!" అని పగలబడి నవ్వడం పక్క గదిలో ఉన్న నాకు కూడా వినబడింది. "ఆఁ, పెట్టిన" అంది అత్తమ్మ. ప్రతి ఫోనుకూ అదే జవాబు. నలభై ఏళ్ళ పైగా గునుగు గునుగుగా పేర్చుకున్న పేరు ఆమెది. దాన్ని నా కోసం తీసి ఇచ్చేసింది. నేను పుచ్చుకున్నాను. పెట్టింది నేనే అన్న మాట ఏడాదంతా గొంతులోనే ఉండి, ఆమెకు చెయ్యి నొప్పి మందు రాసేటప్పుడల్లా పైకి వచ్చేది. నేను మింగేసేదాన్ని. నాకు నా మీదే అసహ్యం పుట్టిన సంవత్సరం అది.

ఈ ఏడు కట్టు లేదు గానీ ఆమె వేళ్ళకు పట్టు రాలేదు. గ్లాసు ఎత్తితే వణుకుతుంది. సద్దుల నాడు పొద్దున్నే పీట తెచ్చి తాంబాళం ముందు వేసి, "కూసో" అంది నన్ను. ఆమె కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో గునుగు కట్టలు విప్పి నాకు అందించింది. నేను గళ్ళ కాగితం తీయలేదు.

"కాడ పొడుగ్గ ఉంచు. పువ్వు బయటికుంటె, కాడ లోపటిదాంక వోవాలె. ఇగ ముక్కలు పొయ్యి నడుమల. నొక్కు. ఇంక నొక్కు."

నేను కోసిన ముక్కలే. ఇన్నేళ్ళూ చెత్త అనుకున్నవి. ప్రతి వరసకూ అవి లోపలి నుంచి కాడలను పట్టుకున్నాయి, పైవరసకు నేలయ్యాయి. బొటనవేలితో నొక్కితే కదలనంత గట్టిపడ్డాక ఆమె "ఆఁ" అనేది, అప్పుడు పైకి వెళ్ళేదాన్ని. పూర్తయ్యేసరికి నా నడుము విరిగింది. ఎత్తు రెండడుగులు కూడా లేదు. తామర రేకులూ లేవు, ఏమీ లేవు. ఎత్తబోతే మాత్రం నీళ్ళ బిందెంత బరువుంది.

పోటీకి పేరు ఇవ్వలేదు. నేరుగా చెరువుకు తీసుకుపోయాం. మెట్ల దగ్గర కమిటీ పెద్దావిడ, నిరుడు వీడియో తీసినామె, ఇంకో నలుగురు ఉన్నారు. పెద్దావిడ మా తాంబాళం వైపు చూసి, చుట్టూ తిరిగి, "ఎంత గట్టిగ కుదిరిందో! ఈయేడు మీరే పేర్చిండ్రా ఆంటీ? మంచి పని చేసిండ్రు. నిరుడు పాపం అమ్మమ్మ మాట ఇని..." అంటూ అత్తమ్మను చూసి ఆపేసింది.

అత్తమ్మ చెరువు వైపు చూస్తోంది, ఏమీ విననట్టు.

"నిరుడు థర్మాకోల్ పెట్టింది నేను" అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "అత్తమ్మకు చెప్పనే లేదు. తలుపేసుకొని చేసిన. అందరి ముందట నా పరువు పోతదని ఆమె తన మీదేసుకున్నది. నేను నోరు మూసుకొని ఊకున్న." ఆగితే మళ్ళీ మింగేస్తానని భయం వేసి, ఇంకో మాట కూడా అనేశాను. "ఇది పేర్చింది అత్తమ్మ."

పెద్దావిడ వణుకుతున్న అత్తమ్మ వేళ్ళ వైపు చూసింది. నమ్మిందో లేదో తెలియదు. కానీ ఆమె కొంగు నిండా కప్పుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్ళి, వంగి కాళ్ళకు దండం పెట్టింది. వీడియో తీసినామె ఫోను తీసి, "అమ్మమ్మా, ఒక్క సెల్ఫీ" అంది.

అత్తమ్మ సెల్ఫీ దిగింది. కళ్ళజోడు సర్దుకుని మరీ దిగింది. తర్వాత మేమిద్దరం తాంబాళం చెరో వైపు పట్టుకుని నీళ్ళలోకి దింపుతున్నప్పుడు, మూడో వరస దగ్గర వంగి, నా ఒక్కదానికే వినబడేలా పళ్ళ మధ్య నుంచి అంది.

"ఇగో, ఈడ వంకర వోయింది. నేను పేరిస్తె గిట్ల పోతదానే? మల్ల నా పేరే ఖరాబ్ జేసినవ్."